పతకం తర్వాత కాదు, తలుపు దగ్గర అడగాలి

2025 అక్టోబరులో ప్రపంచ జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలు గువాహటిలో జరిగాయి. 1992లో జకార్తాలో మొదలై, ఇప్పుడు ఏటా జరుగుతున్న ఈ పోటీలు పందొమ్మిదేళ్ల లోపు వారివి. బాలికల సింగిల్స్‌లో తన్వీ శర్మ రజతం గెలిచింది. 2008లో పుణెలో సైనా నెహ్వాల్ విజేతగా నిలిచాక ఈ విభాగంలో దేశానికి మళ్లీ పతకం రావడానికి పదిహేడేళ్లు పట్టింది. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల చుట్టూ ఉన్న దళితవాడల పిల్లలకు ఆ కోర్టు ఎంత దూరంలో ఉంది? ఆ దూరాన్ని కొలవాలంటే కులం లెక్క తీయక తప్పదన్నది నా వాదన.

ఆటలో కులం ఏమిటని కొందరు విసుక్కుంటారు. 2016లో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు ఆడుతున్నప్పుడు ఆమె కులం ఏమిటని గూగుల్‌లో వెతికినవారిలో తెలుగు రాష్ట్రాల వారే ముందున్నారు. గెలిచిన బిడ్డ తమదని చెప్పుకోవడానికి తొందరపడిన సమాజం, గెలవడానికి అవకాశమే దొరకని బిడ్డలది ఏ కులమో మాత్రం అడగలేదు. కులం ప్రశ్న తప్పు కాదు, అడిగిన చోటు తప్పు. పతకం మెడలో పడ్డాక అడిగే ప్రశ్నను ఇండోర్ స్టేడియం తలుపు దగ్గర అడగాలి.

ఇండోర్ ఆట స్వభావంలోనే ఒక వడపోత ఉంది. ఒకనాడు మన పాఠశాలల్లో విరివిగా ఆడిన బాల్ బ్యాడ్మింటన్‌కు చదును చేసిన నేల, రెండు గుంజలు, ఒక వల, ఉన్నిబంతి చాలు. ఆ ఆటలో 1970లో అర్జున అవార్డు పొందిన పిచ్చయ్య మన తెలుగువాడే. షటిల్ బ్యాడ్మింటన్‌కు గాలి చొరబడని హాలు, ఎత్తైన కప్పు, దీపాలు, మ్యాట్లు కావాలి. ఈకల షటిల్స్ డబ్బా ధర కూలి మనిషి రోజు సంపాదనను మించిపోతుంది. గట్టిగా ఆడేవారికి ఆ డబ్బా ఎన్నాళ్లో రాదు. పందొమ్మిదేళ్లకు అంతర్జాతీయ స్థాయి అందుకోవాలంటే ఏడెనిమిదేళ్లకే రాకెట్ పట్టాలి. అంటే పదేళ్లకు పైగా, రాబడి లేకుండా ఖర్చు భరించగల కుటుంబం వెనుక ఉండాలి.

ఈ మాటను పుల్లెల గోపీచంద్ మరింత సూటిగా చెప్పారు. ధనికులైతేనో, కుటుంబ వ్యాపారం ఉంటేనో తప్ప పిల్లలను ఆటను నమ్ముకోనివ్వవద్దని 2025 ఫిబ్రవరిలో ఆయన తల్లిదండ్రులను హెచ్చరించారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన ఆయన పుట్టింది నేటి బాపట్ల జిల్లాలోని నాగండ్లలో. ఆయన నిజాయితీని గౌరవిస్తూనే తర్వాతి ప్రశ్న మనం వేయాలి. కృష్ణా పశ్చిమ డెల్టాలో కుటుంబ వ్యాపారం ఎవరికి ఉంది? కాలువ నీటితో పండిన మిగులు సినిమాల్లోకి, విద్యాసంస్థల్లోకి, విదేశీ చదువుల్లోకి పారింది. ఆ పొలాల్లో నాట్లు వేసిన చేతులకు కూలీ, కౌలూ మిగిలాయి. ధనికులకే ఆట అన్నమాట ఈ నేల మీద భూమి ఉన్న కులాలకే ఆట అన్న అర్థాన్నిస్తుంది.

కప్పు కింద పక్కపక్కన కూర్చోవడం ఇక్కడ ఎంత ప్రమాదమో చరిత్ర చెబుతుంది. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలోనే చుండూరు ఉంది. 1991లో అక్కడి సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరుసలోని అగ్రకుల వ్యక్తికి తగలడం గొడవకు మొదలు. నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, ఎనిమిది మంది దళితులను చంపారు. నేటి ఇండోర్ హాలులో రావద్దని ఎవరూ అనరు. నెల రుసుము, బూట్లు, రాకెట్, తెలిసినవారి సిఫారసు ఆ మాట అంటాయి.

కోర్టులో ప్రతిభే మాట్లాడుతుందంటారు. నిజమే, కానీ కోర్టులో అడుగుపెట్టాకే కదా అది మాట్లాడేది! తలుపు తెరిస్తే ఏం జరుగుతుందో మనం చూశాం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్లే. ఒకరు గిరిజన బాలిక, మరొకరు దళిత బాలుడు. వారికి కుటుంబ వ్యాపారం లేదు, ప్రభుత్వ బడి ఉంది.

ఇది పతకాల ముచ్చట మాత్రమే కాదు, కొలువుల విషయం కూడా. ఆంధ్రప్రదేశ్‌లో క్రీడా కోటా 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద రాత పరీక్ష లేకుండానే ఉపాధ్యాయ పోస్టులు భర్తీ చేశారు. క్రీడాకారులకు ఈ గౌరవం దక్కవలసిందే. అయితే ఆట ధ్రువపత్రం ఉద్యోగమైనప్పుడు, ఆ పత్రం సంపాదించే దారి ఎవరికి తెరిచి ఉందన్నది సామాజిక న్యాయ ప్రశ్న అవుతుంది. ఎస్సీ వర్గీకరణపై 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒక సూత్రాన్ని స్థిరపరచింది: ఎవరికి ఎంత అందిందో లెక్క చూడాలి. ఆ సూత్రం స్టేడియం గడప దగ్గర ఆగిపోకూడదు.

అందుకే ప్రభుత్వం ముందు మూడు కోరికలు ఉంచుతున్నాను. ప్రభుత్వ నిధులతో, ప్రభుత్వ స్థలంలో నడిచే ప్రతి ఇండోర్ హాలులో శిక్షణ పొందుతున్న పిల్లల సామాజిక వర్గాల వివరాలు, క్రీడా కోటా నియామకాల వివరాలు ఏటా ప్రకటించాలి. ఆ హాళ్లలో సాయంత్రం వేళ, అందరికీ కావలసిన ఆ రెండు గంటల్లోనే, గురుకుల, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఉచితంగా కోర్టులు కేటాయించాలి. గురుకులాల్లోనే ఇండోర్ హాళ్లు కట్టి, శాశ్వత కోచ్‌లను నియమించాలి. విద్యార్థి సంఘాలు ఫీజు బకాయిలతో పాటు ఈ కోరికలనూ తమ జెండా మీదికి ఎక్కించాలి. ఏ ఊరి హాలు తాళం ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.