చూచిరాత ఇంగ్లిష్ ఇక చాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏదైనా ఉన్నత పాఠశాలకు వెళ్లి తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ నోటుబుక్కులు ఓ నాలుగు తిరగేయండి. నాలుగింట్లోనూ అదే ఉత్తరం, అదే డైరీ, కామాలతో సహా కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. పక్కన ఎర్ర సిరా టిక్కు, కింద సంతకం, తేదీ. బోర్డు మీదిదో గైడులోదో దించుకున్న ఆ పేజీల్లో పిల్లల సొంత వాక్యం వెతికినా దొరకదు. దీన్ని రాత నేర్పడం అని విద్యాశాఖ చెప్పుకోవడం మానుకోవాలి.

'మన ఊరు–మన బడి' మొదలైంది వనపర్తిలోనే, 2022 మార్చి 8న. 2022–23 విద్యాసంవత్సరం నుంచే సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలూ వచ్చాయి. మీడియం మార్చడానికి ఒక ఉత్తర్వు సరిపోయింది. రాయడం ఉత్తర్వులతో వచ్చేది కాదు. 2011 జనగణన ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లాలో సగం మందికి కూడా చదవను, రాయను రాదు. అలాంటి చోట బిడ్డ ఇంగ్లిష్ చూసి సరిచేసేవాళ్లు ఎన్ని ఇళ్లలో ఉంటారు? బడిలో రాయని పిల్లలు ఇంకెక్కడా రాయరు.

పాఠ్యపుస్తకాలను తప్పుపట్టలేం. వాటిలోని డిస్కోర్సుల (ఉత్తరం, డైరీ లాంటి రాతల) పద్ధతి ప్రకారం ముందు ఎవరికి వారు రాయాలి, తర్వాత గుంపులో కూర్చుని దిద్దుకోవాలి, ఆపైనే టీచరు తన ప్రతి చూపాలి. సిలబస్ తరుముతుంటే, సమీక్షలన్నీ పదో తరగతి ఫలితాల చుట్టే తిరుగుతుంటే, ఆఖరి మెట్టు మొదటిదై కూర్చుంది.

గద్వాల వైపు సీడ్ పత్తి చేలలో క్రాసింగ్ పనికి పిల్లల్ని తీసుకుపోవడం ఎప్పట్నుంచో ఉన్న జాడ్యం. దాన్ని మాన్పించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ సాయంత్రం మొగ్గ ఒలిచి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి ఎలా అద్దుతారో ఆ చేలకు వెళ్లొచ్చిన పిల్లకు తెలుసు. చూడని హిల్ స్టేషన్ గురించి గైడులోంచి దించే బదులు ఆమెను ఇది రాయమనండి. 'యెస్టర్‌డే మై మదర్ గో టు ఫీల్డ్' అని మొదలుపెట్టవచ్చు. పెట్టనివ్వండి. ఆ వారం భూతకాలం ఒక్కటే దిద్దండి, 'ద' సంగతి పై వారం చూసుకోవచ్చు. పేజీ నిండా ఎర్ర గీతలు పడితే ఆ పిల్ల మళ్లీ గైడు దగ్గరికే పోతుంది.

రాసింది చదివేవాళ్లూ ఉండాలి. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు 1924లోనే తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చి, పిల్లల రాతలు వాళ్ల చేతే అచ్చువేయించాడు. వాటిని దూరపు బడికి పంపి, అక్కడి పిల్లల రాతలు తెప్పించాడు. అంత దూరమెందుకు, నైజాం రాజ్యంలో కవులే లేరన్న మాటకు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోల్కొండ కవుల సంచిక' అచ్చువేసి జవాబిచ్చారు. 1952లో వనపర్తి ఆయన్ను శాసనసభకు పంపింది. మన పిల్లలకు ఇంగ్లిష్ రాదనేవాళ్లకూ అచ్చులోనే జవాబివ్వాలి.

మూడు జిల్లాల్లోనూ ప్రతి ఉన్నత పాఠశాల నెలకో ఇంగ్లిష్ పత్రిక తేవాలి. నాలుగు పేజీలు చాలు, చేతిరాతైనా సరే, జిరాక్స్ తీస్తే సరిపోతుంది. గద్వాల మగ్గం గురించి పిల్లవాడు రాసింది అమ్రాబాద్ చెంచు పిల్లలు చదవాలి, నల్లమల తేనె గురించి వాళ్లు రాసింది వనపర్తికి రావాలి. అర్థం కాని చోట అవతలి పిల్లలే ప్రశ్న రాసి పంపుతారు. టీచరు పెట్టే టిక్కు కంటే ఆ ప్రశ్నకే పిల్లలు ఎక్కువ విలువిస్తారు.

ఫలితాలు దెబ్బతింటాయన్న భయం అక్కర్లేదు. పబ్లిక్ పరీక్షలోనూ అడిగేది ఉత్తరం, సంభాషణ, కథనమే. కాస్త మార్చి అడిగితే చాలు, బట్టీ పట్టినవాడు చేతులెత్తేస్తాడు. అంతర్గత 20 మార్కుల్లో రాత పనుల వాటాను దించుకున్న నోట్సుకు ఇవ్వడం ఈ ఏడాదే ఆపాలి. జిరాక్స్ ఖర్చుకు సమగ్ర శిక్ష గ్రాంటు వాడుకోవచ్చని డీఈవోలు లిఖితపూర్వకంగా చెప్పాలి. తనిఖీకి వచ్చే అధికారి ముందుగా ఆ నెల పత్రికను, దాంతోపాటు దిద్దకముందటి చిత్తుప్రతులను అడగాలి.