కడుపునొప్పికి కారణం పక్కింట్లో వెతకొద్దు

పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేయించుకున్న మనిషికి నెలలు గడిచినా బాధ పోలేదనుకోండి. అన్నం తినగానే కడుపు ఉబ్బుతుంది, కంచం ముందు నుంచి లేచి బాత్‌రూముకు పరుగెత్తాల్సి వస్తుంది. మెదక్ జిల్లాలో నిజాంపేట, రామాయంపేట వైపు పల్లెల్లో అయినా, తెలంగాణలో మరెక్కడైనా, ఆ ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "కోసినా తగ్గలేదంటే ఇది డాక్టర్ల రోగం కాదు వదినే. ఎవరో మందు పెట్టిన్రు." ఆ వెంటనే మందు కక్కించేవాడి ఊరి పేరు చెప్తారు. ఏ వారం పోవాలో, పరగడుపున పోవాలని కూడా చెప్తారు.

ఈ మాటను అజ్ఞానమని కొట్టిపారేసి ఊరుకుంటే పని జరగదు. రోగికి ఒక ప్రశ్న ఉంది: రాళ్లు తీశారు, సంచీ తీశారు, మరి బాధ ఎందుకు మిగిలింది? దానికి ఆసుపత్రి జవాబు చెప్పి పంపలేదు. చెప్పని జవాబు చోటులోకి, గిట్టనివాళ్లెవరో తిండిలో కలిపారనే పెట్టుడు మందు వచ్చి కూర్చుంది. కాబట్టి ముందు ఆ జవాబు చెప్పుకుందాం.

పిత్తరసాన్ని తయారు చేసేది కాలేయం. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా చేస్తుంది. పిత్తాశయం 30 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రమే. రసాన్ని చిక్కబరిచి దాచుకుని, నూనె, నెయ్యి, మాంసం కడుపులో పడ్డప్పుడు పిండి వదులుతుంది. సంచి పోయాక రసం ఆగదు. భోజనంతో పని లేకుండా సన్నధారగా పేగులోకి దిగుతూనే ఉంటుంది. అందులోని పిత్తామ్లాల్లో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చి కాలేయానికి పంపుతుంది. ఆపరేషన్ తర్వాత కొందరిలో ఆ పీల్పు సరిపోక పిత్తామ్లాలు ఎక్కువగా పెద్దపేగులోకి జారతాయి. అక్కడ అవి నీటిని లాగి పేగును తొందరపెడతాయి. తిన్న వెంటనే వచ్చే నీళ్ల విరేచనాలకు కారణం చాలామందిలో ఇదే. పిత్తామ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ అనే పొడి మందు ఉంది. ఇతర మాత్రలకు ఎడంగా, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటే చాలామందికి గుణం కనిపిస్తుంది.

అన్ని బాధలూ దీనివల్లే కాదు. పిత్తనాళంలో ఒక రాయి మిగిలిపోయి ఉండవచ్చు. నాళం చివరి కవాటం బిగుసుకుపోతుండవచ్చు. అసలు మొదటి నుంచీ నొప్పి రాళ్లది కాకపోవచ్చు కూడా. కడుపులో పుండో, పులితేన్పుల జబ్బో, పేగుల చంచలత్వమో ఉన్న మనిషికి స్కానింగులో రాళ్లు కనిపించాయి, నేరం రాళ్ల మీద పడింది, సంచి పోయింది, నొప్పి మిగిలింది. ఆపరేషన్ తర్వాత ఏదో ఒక జీర్ణబాధ మిగిలేవాళ్లు 10 నుంచి 40 శాతం దాకా ఉంటారని వేర్వేరు పరిశీలనలు చెప్తున్నాయి. ఇంత మామూలు విషయాన్ని డిశ్చార్జి రోజున రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పకపోవడం వైద్యుల తప్పే. మంత్రగాణ్ని ప్రశ్నించే హేతువాది ఈ తప్పును చూసీచూడనట్టు వదలకూడదు.

ఇక మందు కక్కించేవాడి దగ్గరికి వద్దాం. పరగడుపున వచ్చిన మనిషికి ఏదో పసరు తాగించి వాంతి చేయిస్తాడు. పచ్చగా, చేదుగా నీళ్లు పడతాయి, జిగురు ముద్దలు పడతాయి. "ఇగో, ఇదే నీకు పెట్టిన మందు" అని చూపిస్తాడు. ఖాళీ కడుపుతో గట్టిగా కక్కితే ఎవరికైనా పడేది అదే. ఆ పచ్చనీళ్లు పిత్తరసం, ఆ జిగురు కడుపు గోడల జిగురు. సంచి లేని మనిషికి పిత్తం కడుపులోకి ఎగదన్నడం ఇంకా ఎక్కువగా జరగవచ్చు, కాబట్టి అతడి వాంతి మరింత పచ్చగా ఉంటుంది, నమ్మకం మరింత బలపడుతుంది. ఏ రోగమూ లేని పదిమందిని పరగడుపున అదే పసరుతో కక్కించి చూడమనండి. వాళ్లందరికీ ఎవరు మందు పెట్టారో అప్పుడు అడుగుదాం.

"మరి మా అత్తకు తగ్గింది కదా" అంటారు. తగ్గే ఉంటుంది. ఈ బాధలు ఒకే తీరున ఉండవు, ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో శరీరం కొత్త పద్ధతికి అలవాటుపడి వాటంతటవే సద్దుకుంటాయి. మనిషి మంత్రగాడి గడప ఎక్కేది బాధ బాగా ముదిరిన రోజున. ముదిరింది ఎలాగూ దిగుతుంది, దిగితే పేరు అతడికి వస్తుంది. తగ్గనివాళ్లు తిరిగి వెళ్లి నలుగురిలో చెప్పరు. వాంతులతో ఒంట్లో నీరూ ఉప్పూ పోయి కూలబడ్డవాళ్ల లెక్క ఎవరూ రాయరు.

పథ్యం సంగతీ చెప్పాలి. పప్పు తింటే చీము పడుతుందని కోతపడ్డ మనిషికి వారాల తరబడి కారం మెతుకులు పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చీము పట్టేది సూక్ష్మక్రిములతో, పప్పుతో కాదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులోనే, గుడ్డులోనే ఉన్నాయి. వాటిని ఆపేసి, మనిషి నీరసించాక "సంచి తీసేసిన్రు, ఇంక బలమెక్కడిది" అనడం అన్యాయం. కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే వైద్యుడు 1882లో బెర్లిన్‌లో మొదటిసారి పిత్తాశయాన్ని తీసేసినప్పుడే, అది లేకుండా మనిషి బతకగలడని తేలింది. మన దేశంలో తెహెంతన్ ఉద్వాడియా 1990లో ముంబైలో చిన్న రంధ్రాల గుండా ఈ ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత అది జిల్లా పట్టణాల దాకా వచ్చింది. సంచి లేకుండా పొలం పని చేసుకుంటున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. చేయాల్సిందల్లా మొదటి వారాల్లో వేపుళ్లు, నూనె పదార్థాలు తగ్గించడం, ఒక్కసారే కడుపునిండా కాకుండా కొద్దికొద్దిగా తినడం, పీచు పదార్థాలు మెల్లగా పెంచడం. పాలు పడుతున్నాయా, చాయ్ పడుతోందా, పచ్చిమిర్చి పడుతోందా అన్నది ఎవరికి వారు గమనించి రాసుకోవాలి. జీవితాంతం చప్పిడి కూడు తినాలన్న నియమం ఏదీ లేదు.

పెట్టుడు మందు నమ్మకం వాంతితో ఆగితే ఇంత బాధపడనవసరం లేదు. మందు పెట్టారంటే పెట్టినవాళ్లు ఎవరో ఉండాలి కదా. ఆ వేలు కోడలి మీదికో, ఒంటరి ముసలమ్మ మీదికో, మాటలు లేని పాలివాళ్ల మీదికో పోతుంది. మెదక్ జిల్లాకు ఈ సంగతి కొత్త కాదు. 1980లలో బాణామతి అనే చేతబడి భయం పల్లెలను కమ్మేసినప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఇక్కడి ఊళ్లు తిరిగి, బాణామతి అన్నవాటి వెనక ఉన్నవి రోగాలూ మానసిక వ్యథలూ కనికట్లూ అని జనానికి చూపించారు. ఇన్నేళ్ల తర్వాత, 2024 అక్టోబరులో, రామాయంపేట మండలం కాట్రియాలలో మంత్రాలు చేస్తోందన్న అనుమానంతో ఒక మహిళకు నిప్పంటించారు. ఆమె చనిపోయింది. కడుపునొప్పికి పక్కింటివాళ్లను కారణం చేసే మాటా, ఆ నిప్పూ ఒకే నమ్మకంలోంచి వచ్చాయి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. తెలంగాణ కూడా చేయాలి.

ఉన్న చట్టాన్నైనా అమలు చేయాలి. కోత లేకుండా రాళ్లు కరిగిస్తామని గోడల మీద రాసేవాళ్లకూ, కరపత్రాలు పంచేవాళ్లకూ 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం అడ్డుంది. ప్రకటించకూడని చికిత్సల జాబితాలో పిత్తాశయ రాళ్ల పేరు స్పష్టంగా ఉంది.

అన్నిటికంటే ప్రమాదం కామెర్ల విషయంలో ఉంది. కళ్లు పచ్చబడగానే ముక్కులో పసరు పోయించడం, చేతికి వాత పెట్టించడం మనకు అలవాటు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొచ్చింది. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కామెర్లు వస్తే సంగతి వేరు. నాళానికి రాయి అడ్డుపడిందో, నాళం దెబ్బతిన్నదో అయి ఉండవచ్చు. దానికి చలిజ్వరం తోడైతే నాళంలో చీము పట్టి, గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి రాయిని నోటి గుండా గొట్టం వేసి, మళ్లీ పొట్ట కోయకుండా తీసే చికిత్స హైదరాబాదులో ఏళ్లుగా జరుగుతోంది. ఆ పనిలో పేరుపొందిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

అందుకే ఆపరేషన్ చేయించుకున్న ప్రతి అక్కకూ అన్నకూ నా మనవి: డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడు, తర్వాత ఏ బాధలు రావచ్చు, వేటికి మళ్లీ రావాలి అని డాక్టరును అడగండి, చెప్పేదాకా లేవకండి. విరేచనాలు, ఉబ్బరం వారాలు దాటినా తగ్గకపోతే ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం తెల్లబడినా, నల్లగా వచ్చినా, చలిజ్వరంతో కుడి డొక్కలో నొప్పి లేచినా ఎవరి సలహా కోసమూ ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి బయలుదేరండి.