గుంజెయ్, ఏం గాదు

దుబాయ్‌లో ముహైస్నా 2 అని కాగితాల మీద ఉండే సోనాపూర్ క్యాంపుల నుంచి తెల్లారకముందే బస్సులెక్కే మనవాళ్లలో సర్వే హెల్పర్లూ ఉంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు. చేతి జీపీఎస్ పట్టుకుని మ్యాన్‌హోళ్లు, బోరు గుంతలు, కేబుల్ మలుపులు నమోదు చేసుకుంటూ ఎండలో నడుస్తారు. సాయంత్రం సైట్ ఆఫీసు ల్యాప్‌టాప్‌కి తగిలించి ఆ పాయింట్లు దింపాలి. బయట బస్సు హారన్ కొడుతుంటే పక్కనున్న సీనియర్ అనే మాట ఒకటే: "గుంజెయ్ తమ్మీ, ఏం గాదు."

ఎజెక్ట్ నొక్కకుండా కేబుల్ లాగేసినా ఏం కాదనే ఈ మాట అబద్ధం. చదువుకున్న ఇంజనీర్లు కూడా అంటున్నారు కాబట్టి మరింత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

వాళ్ల ధీమాకు ఆధారం లేకపోలేదు. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ 'క్విక్ రిమూవల్'ను డిఫాల్ట్ చేసింది. పరికరంలోకి రాయాల్సినదాన్ని కంప్యూటర్ తన దగ్గర ఆపుకోకుండా అప్పటికప్పుడే పంపేస్తుంది. ఇంకేముంది, ఎజెక్ట్ నొక్కడం పాతకాలపు చాదస్తమని తేల్చేశారు. రాత నడుస్తుండగా కేబుల్ లాగొచ్చని మాత్రం మైక్రోసాఫ్ట్ అనలేదు. అది నడుస్తోందో అయిపోయిందో కంటికి కనిపించదు. కాపీ గీత మాయమయ్యాక కూడా మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును పట్టుకునే ఉండొచ్చు. ఆ ల్యాప్‌టాప్‌లో ఎవరైనా సెట్టింగ్ మార్చి ఉంటే డిఫాల్ట్ మాటే చెల్లదు. మ్యాక్, లినక్స్‌లకు ఈ విండోస్ నియమంతో సంబంధమే లేదు.

"మేం దింపుకుంటున్నాం, అందులోకి ఏమీ రాయడం లేదు కదా" అంటారు. సైట్ ఆఫీసుల్లో దింపడమంటే చాలాసార్లు కట్-పేస్ట్. కట్ చేస్తే పరికరంలోని ఫైలు చెరిగిపోవాలి, చెరపడమూ రాతే. గార్మిన్ ఈట్రెక్స్ లాంటివి కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తాయి. వాటిలో సాధారణంగా ఉండే ఫ్యాట్ పద్ధతిలో, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక సగంలో తెగిపోతే దాన్ని తిరిగి సరిచేసుకునే చిట్టా ఉండదు. పాయింట్లుండే జీపీఎక్స్ ఫైలేమో మామూలు అక్షరాల ఫైలు. చివర ముగింపు గుర్తు పడకపోతే, పైన పాయింట్లన్నీ భద్రంగా ఉన్నా చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని తెరవవు. రేపటి పాయింట్లు ఎక్కిస్తుండగా తెగితే ఇంకా కష్టం. పాడైన ఫైలును చదవబోయి పరికరం లోగో దగ్గరే ఆగిపోవచ్చు.

ఆ నష్టం ఎవరిమీద పడుతుంది? ల్యాప్‌టాప్ ఇంజనీరుది, తొందర బస్సుది, పరికరం మాత్రం హెల్పర్ చేతిలో ఉంటుంది. తిట్లూ అతనికే, మళ్లీ నడకా అతనికే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఎమిరేట్స్‌లో నిబంధన ఉంది. మిగిలిన గంటలు చల్లగా ఏమీ ఉండవు. పోయిన పాయింట్ల కోసం అదే దారిన రెండోసారి తిరగాల్సింది ఆ గంటల్లోనే.

చేయాల్సింది చాలా తక్కువ. దింపిన ఫైలును ల్యాప్‌టాప్‌లో ఒకసారి తెరిచి చూడాలి, ఆ తర్వాతే పరికరంలోది చెరపాలి. మ్యాప్ సాఫ్ట్‌వేర్ మూసేసి, డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కాలి. ఇంకా వాడకంలో ఉందని చూపిస్తే ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఆరిపోయాకే కేబుల్ తీయాలి. కొన్ని కొత్త పరికరాలు డ్రైవ్‌లా కాకుండా ఫోన్‌లా కనిపిస్తాయి, వాటికి ఎజెక్ట్ ఉండకపోవచ్చు. అక్కడ కాపీ ముగిసేదాకా ఆగడమే దారి.

ఈ నాలుగు మాటలూ తెలుగులో, హిందీలో రాసి ల్యాప్‌టాప్ పక్కన గోడకు అంటించడం సైట్ ఆఫీసు బాధ్యత. ఆ బస్సును రెండు నిమిషాలు ఆపించడం కూడా. అవేమీ చేయకుండా, పోయిన డేటాకు హెల్పర్‌ను నిలదీసే హక్కు ఏ ఫోర్‌మన్‌కీ లేదు.