పని తీరిన మట్టి ఏట్లో ఎందుకు?

నగరి వైపు మనం కుశస్థలి అనే నదినే తమిళనాట కొసస్థలై అంటారు. పూండి జలాశయం దాటాక అది చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు ఉప్పుటేరుగా మారి సముద్రంలో కలుస్తుంది. అక్కడ కరెంటు టవర్ల పని కోసం నీళ్లలో మట్టి, శిథిలాలు పోసి వేసిన దారులపై జాలర్లు అభ్యంతరం చెప్పారు, వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్ దాకా వెళ్లింది. థర్మల్ కేంద్రం గొట్టాలు కారి అడుగున పేరుకున్న బూడిద దీనికి తోడు. కాగితాల మీద వీటిని ఎవరూ ఆనకట్టలనరు. పోటునీటిని ఆపేది ఏదైనా చేపకు ఆనకట్టే. అవసరం తీరిన అడ్డును ఏటి అడుగు మట్టం దాకా తీసెయ్యాలన్నది నా వాదన.

రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. అంగుళమైనా లేని పిల్లలు పోటుతో ఏట్లోకి వచ్చి, మడచెట్ల మొదళ్లలో, బురదలో పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. పండుగప్పదీ రెండు నీళ్ల బతుకే. గుడ్లు పెట్టడానికి అది ఏటి మొగ వైపు దిగాలి. పెద్ద చేప ఎదురీదగలదేమో గానీ రొయ్యపిల్లను పోటు ఎంత దూరం తోస్తే అంత దూరమే. ఇక్కడి నీళ్లలో చేత్తో తడిమి రొయ్యలు పట్టే ఇరుళర్ గిరిజనుల సంపాదన ఆ దూరం మీదే ఆధారపడింది. కట్ట కింద నాలుగు తూములు వేస్తే సరిపోదా అంటారు ఇంజనీర్లు. నీరు పారడం వేరు, చేప నడవడం వేరు. ఈ పాఠం మద్రాసుకు కొత్త కాదు. కావేరి పాయ కొల్లిడం మీది దిగువ ఆనకట్టకు గత శతాబ్దం తొలినాళ్లలోనే చేపల మెట్లు కట్టించారు. పులస వాటిని ఎక్కలేదు. 1934లో మేట్టూరు ఆనకట్ట కట్టాక కావేరిలో దాని దారి ఇంకా కుంచించుకుపోయింది. (పుస్తెలమ్మైనా పులస తినాలనే మనకు ఆ నష్టం విడమరచి చెప్పక్కర్లేదు.)

అయితే పూండినీ కూల్చమంటారా అని ఎద్దేవా చేసేవారుంటారు. కూల్చమనం. 1996 నుంచి కృష్ణా నీరు చేరుతున్నది అక్కడికే, నగరం తాగే నీటిలో అదీ ఉంది. కరెంటూ కావాలి, టవర్లూ ఉండనివ్వండి. లారీ వెళ్లిపోయాక లారీదారి ఎవరికి కావాలి? ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: ఏరు ఎలాగూ పాడైంది, అడ్డు తీస్తే చేపలొస్తాయా? అమెరికాలో కెన్నెబెక్ నది మీద 1837 నాటి ఎడ్వర్డ్స్ ఆనకట్టను 1999లో తొలగించారు. ఆ తర్వాత సముద్రం నుంచి ఎదురెక్కే చేపలు లక్షల్లో వచ్చాయి. ఎన్నూరులో అంతటి ఫలితం హామీ ఇవ్వలేం, ఎందుకంటే ఇక్కడ బూడిదా ఉంది, 2023 డిసెంబరు తుపాను వరదలో చేరిన చమురూ ఉంది. కాలుష్యాన్ని ఆపే పని విడిగా సాగాల్సిందే. కానీ దారి మూసి ఉంటే శుభ్రం చేసిన ఏట్లోకైనా రొయ్యపిల్ల రాలేదు. పైగా పూండి గేట్లు ఎత్తిన రోజున వరద బయటపడాల్సిందీ ఈ దారినే.

తీయడంలోనూ జాగ్రత్త కావాలి. బూడిద కలిసిన మట్టిని కెలికి వదిలేస్తే పోటు దాన్ని ఏరంతా పరుస్తుంది. అందుకే ఈశాన్య రుతుపవనాలకు ముందే, ఎండాకాలంలో తవ్వాలి. తవ్విన మట్టిని గట్టున మడచెట్ల మీద పొయ్యకుండా బయటికి తరలించాలి. ఆ ఖర్చు దారి వేసినవారిదే, టెండరులో దారి వేసే పద్దు పక్కనే తీసే పద్దూ ఉండాలి. ఇంజనీరు సంతకంతోనే చివరి బిల్లు చెల్లించకూడదు. దారి ఉన్నచోట అటూ ఇటూ రెండు కొలబద్దలు పాతి, పోటు వేళ రెండింటా నీరు ఒకే మట్టానికి వచ్చిందని అక్కడి జాలర్లు చూసి ఒప్పుకున్నాకే డబ్బు విడుదల చేయాలి.