సోలారు పలకకు శాతమొక్కటే కొలమానమా?

సికింద్రాబాద్: మోటారు కోసమో, పైపుల కోసమో రాణిగంజ్ బజారుకు వచ్చే పల్లె రైతు ఇప్పుడు సోలారు పలకల ధర కూడా అడుగుతున్నాడు. 2024లో ప్రారంభమైన పిఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి కప్పుపై పెట్టే 3 కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల కేంద్ర రాయితీ ప్రకటించారు. మిగిలిన సొమ్ము చేతి నుంచి గాని, బ్యాంకు అప్పు నుంచి గాని రావలసిందే. అప్పు తీరేవరకే కాదు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పలక పనిచేస్తేనే పెట్టిన డబ్బుకు ఫలితం. అందువల్ల కొత్తరకం పలకల గురించి వినవచ్చే మాటల్లో నిజమెంతో రైతుకు తెలియవలసి ఉంది.

రాణిగంజ్‌కు కొద్ది మైళ్ల దూరంలో, తార్నాకలో భారత రసాయన సాంకేతిక సంస్థ ఉంది. 1944లో మొదలైన ఈ ప్రయోగశాలలో రంగు పదార్థాలతో వెలుతురును పట్టే సౌర ఘటాలపై ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. నగరం అవతల బాలాపూర్‌లోని ఎఆర్‌సిఐ సంస్థలో పలుచని పొరల ఘటాలపైనా, పలకలపై దుమ్ము సులువుగా వదిలే పూతలపైనా పని జరుగుతోంది.

ఇళ్లపై కనిపించే పలకల్లో చాలా భాగం సిలికాన్ బిళ్లలతో చేసినవే. బిళ్ల మందం సుమారు 150 మైక్రాన్లు, అంటే రెండు తలవెంట్రుకలు పేర్చినంత. పలుచని పొర ఘటంలో పనిచేసే సరుకు మందం రెండు మూడు మైక్రాన్లే. సరుకు ఖర్చు తగ్గుతుంది. అయితే ఇక్కడొక చిక్కు ఉంది.

కాలువ పొడుగైతే చెరువు నీరు దారిలోనే ఇంకిపోతుంది. అలాగే పొర మందమైతే అందులో పుట్టిన విద్యుత్తు బయటికి వచ్చేలోగా కొంత నష్టమవుతుంది. పొర పలుచనైతే ఆ నష్టం తగ్గుతుంది గాని, వెలుతురు పూర్తిగా ఇంకకముందే అవతలికి దాటిపోతుంది. వాలు చేలో వాన నీరు జారిపోయినట్టే ఇదీను. రైతు అడ్డగట్లు వేసి నీటిని నిలుపుతాడు. శాస్త్రజ్ఞులు అదే పని నానో కొలతలో చేస్తున్నారు. మిల్లీమీటరులో 10 లక్షల వంతు ఒక నానోమీటరు. కొన్ని వందల నానోమీటర్ల ఎగుడుదిగుళ్లు కల్పిస్తే వెలుతురు తిన్నగా పోక, అడ్డం తిరిగి పొరలోనే ఎక్కువ దూరం నడుస్తుంది.

రంగు ఘటంలో ఉపాయం మరొకటి. అన్నం ముద్దగా ఉంటే పులిహోర పసుపు పైపైనే అంటుతుంది. మెతుకు మెతుకూ విడిపోతే అంతటా పడుతుంది. తెల్ల పెయింటులో వాడే టైటానియం డయాక్సైడును నానో రేణువులుగా పరచి, రేణువు రేణువుకూ రంగు పట్టించి 1991లో స్విట్జర్లాండులో 7 శాతం సామర్థ్యం సాధించారు. పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో 2009లో జపానులో 3.8 శాతంతో మొదలైన ఘటాలు నేడు ప్రయోగశాలల్లో 25 శాతం దాటాయి.

ఇది నిస్సందేహంగా గొప్ప విజయమే. కాని ఆ రికార్డులు ఎక్కువగా గోరంత ఘటాలపైన, 25 డిగ్రీల వేడిలో కొలిచినవి. మన ఎండల్లో కప్పుపై పలక 65 డిగ్రీలకు చేరితే 100 వాట్ల సిలికాన్ పలక ఇచ్చేది సుమారు 86 వాట్లే. ఈ విషయంలో కాడ్మియం టెల్యురైడ్ వంటి పలుచని పొరలు వేడికి కొంత తక్కువ నష్టపోతాయి. పెరోవ్‌స్కైట్‌కు మాత్రం తేమ పడదు. పైగా అందులో సీసం ఉంటుంది. స్ఫటికం కాని సిలికాన్ పొరలు వెలుతురు తగిలేకొద్దీ బలం తగ్గుతాయని 1977లోనే బయటపడింది. కొత్తలో చూపిన బలం చివరివరకూ నిలవదనడానికి ఇంతకంటే తార్కాణం అక్కరలేదు.

కాబట్టి ఎంత శాతం అన్నదానితోపాటు ఎన్ని వేసవులు అన్నది కూడా అడగాలి. ప్రయోగశాలల్లో నెగ్గిన ఘటాలను పలకలుగా చేసి మండల కార్యాలయాలపైన, పాఠశాలలపైన నిలిపి, మామూలు సిలికాన్ పలకల పక్కనే కొన్నేళ్లు పరీక్షించాలి. నెలకు ఎన్ని యూనిట్లు వచ్చిందీ అక్కడే బోర్డుపై తెలుగులో రాయాలి. దుమ్ము, కోతులు, వడగళ్లు, గాలిదుమారం కూడా ఆ పరీక్షలో భాగమే. పలకలు అమ్మేవారు ఎన్నేళ్లకు ఎంత బలం తగ్గుతుందో కాగితంపై రాసివ్వాలి. చెడిన సౌర పలకలు 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి వచ్చాయి. వాటిని తిరిగి తీసుకునే చోటు ఏదో ప్రతి మండలంలో ప్రకటించాలి.

అంతవరకు నానో అన్న పేరు విని రైతు తొందరపడనక్కరలేదు. ఏళ్ల తరబడి నిలిచినట్టు రుజువైన పలకనే కొనడం మేలు. అలాగని పరిశోధనను చిన్నచూపు చూడడమూ తగదు. కొత్త విత్తనాన్ని రైతు ముందు ఒక మడిలో వేసి చూస్తాడు, పండితే చేనంతా వేస్తాడు. తార్నాక, బాలాపూర్‌ ప్రయోగశాలల విత్తనానికి మన పల్లెల్లో ఆ మడి చూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిది.