ఆ గొంతు అలిసిపోదా?

సికింద్రాబాద్ స్టేషన్లో ఒంటరిగా దిగిన పిల్లవాడు యూనిఫామ్‌ను చూసి బెదురుతాడు. పక్కన కూర్చుని "తిన్నావా నాన్నా?" అని అడిగిన మనిషిని మెల్లగా నమ్ముతాడు. ఊరు చెప్పడు, తండ్రి పేరు తప్పు చెబుతాడు, ఒంటి మీది వాతల సంగతి అడిగితే మొహం తిప్పుకుంటాడు. గంటల తరబడి కూర్చుని ఆ ముడి విప్పేది బాలల సంరక్షణ సిబ్బందే. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా ఆ బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. మంచి నిబంధన. వాడు చెప్పిందంతా విన్న మనిషికి ఆ రాత్రి నిద్రపట్టకపోతే ఎవరితో చెప్పుకోవాలో మాత్రం చట్టం పట్టించుకోలేదు.

2020 మార్చి 22న కరోనాతో రైళ్లు ఆగాయి. పిల్లల కష్టం ఆగలేదు, ప్లాట్‌ఫారం మీంచి మూసిన తలుపుల వెనక్కి వెళ్లింది. మార్చి 20 నుంచి 31 వరకు పిల్లల హెల్ప్‌లైన్ అయిన చైల్డ్‌లైన్ 1098కి దేశవ్యాప్తంగా 3.07 లక్షల కాల్స్ వచ్చాయి. అందులో 92 వేలకు పైగా వేధింపులు, హింస నుంచి కాపాడమనే మొరలు. ఆ కాల్స్ ఎత్తినవారి ఇళ్లలోనూ పిల్లలున్నారు, వైరస్ భయమూ ఉంది. మార్చి 22 సాయంత్రం కరోనా యోధులకు కృతజ్ఞతగా పళ్లాలు మోగించిన మనలో వీరిని తలుచుకున్నవారెందరు? మరుసటి ఏడాది కరోనాకు తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల వివరాలు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నవారిలోనూ బాలల సంరక్షణ సిబ్బంది ఉన్నారు.

2023లో చైల్డ్‌లైన్ స్వచ్ఛంద సంస్థల నుంచి ప్రభుత్వం చేతికి వచ్చింది. సిబ్బంది కాంట్రాక్టు బతుకు మాత్రం మారలేదు. బాలల సంరక్షణకు నిధులిచ్చే మిషన్ వాత్సల్య పథకంలో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40 శాతం. ఏ వాటా ఆలస్యమైనా ముందు ఆగేది జీతమే. పిల్లలను కాపాడేందుకు ఏటా జనవరిలో జరిపే ఆపరేషన్ స్మైల్, జులైలో జరిపే ఆపరేషన్ ముస్కాన్ ముగిశాక ఎందరు పిల్లలను కాపాడామో ఘనంగా ప్రకటిస్తారు. కాపాడినవాళ్లు ఎలా ఉన్నారని అడిగే అధికారి ఎక్కడ? వారి ఓర్పును సేవాభావమని పొగిడి, ఆ పొగడ్తనే జీతంలో భాగంగా లెక్కగట్టడం అన్యాయం. ఈ తప్పు రెండు ప్రభుత్వాలదీ.

ఈ సిబ్బందికి ప్రతి నెలా ఒకే తేదీన జీతం, బరువైన కేసు తర్వాత జీతంతో కూడిన సెలవు, వారి గోడు వినడానికి విడిగా ఓ కౌన్సెలర్ కావాలి. సుమారు 700 కోట్లతో కొత్తగా కడుతున్న సికింద్రాబాద్ స్టేషన్లో, రాత్రి డ్యూటీ దిగిన కేస్ వర్కర్ కాసేపు తలుపేసుకుని కూర్చునే గది ఎక్కడుందో రైల్వే, రాష్ట్ర అధికారులు నక్షాలో వేలుపెట్టి చూపించాలి.