ఆకాశమున నొక గంట, నేలమీద నాలుగు గంటలు

విజయవాడనుండి హైదరాబాదునకు విమానములో గంట ప్రయాణమని ప్రకటనలు ఘోషించుచున్నవి. వినువారు తలలూపుచున్నారు. ఆ గంట యెక్కడ మొదలై యెక్కడ ముగియునని అడుగువారు కానరారు. మే మడుగుచున్నాము.

గన్నవరము విమానాశ్రయమునుండి శంషాబాదునకు సూటిగా గీత గీచినచో దూరము సుమారు 265 కిలోమీటర్లు. ఇట్టి దగ్గరి మార్గముల దిరుగు ఏ.టీ.ఆర్. విమానము గంటకు 500 కిలోమీటర్ల వేగము నందుకొనగలదు. ఆ లెక్కకు అరగంట చాలవలెను. కాని విమానము పైకెక్కవలెను, నియమిత మార్గమున బోవలెను, దిగుటకు వంతు వచ్చువఱకు వేచియుండవలెను. టిక్కెట్టుమీది గంట యనగా చక్రము కదలినది మొదలు మరల చక్రము నిలుచువఱకు గల కాలము. ఆలస్యములకై ముందుగా విడిచిన నిమిషములును అందే యున్నవి.

ప్రయాణికుడు చక్రముకడ పుట్టి చక్రముకడ నివసించువాడు కాడు. బెజవాడలోని యింటినుండి గన్నవరము చేరుటకు ముప్పావు గంట. రెండు గంటల ముందే రమ్మను నియమము. దిగినపిదప సామానునకు అరగంట. శంషాబాదునుండి నగరము నడుమకు గంట. ఈ నాలుగుంబావు గంటలు ఏ ప్రకటనలోను లేవు. సగము సాక్ష్యమును దాచి తీర్పు గోరు వాదిని ఏ న్యాయస్థానము మన్నించును?

ఇక రైలు మాట. 2023 జనవరి 15వ తేదిని ప్రారంభమైన సికింద్రాబాదు–విశాఖపట్టణము వందేభారత్ రైలు, వరంగల్లు మీదుగా చుట్టు తిరిగి సుమారు 350 కిలోమీటర్లు నడచియు, నాలుగు గంటలకు కొంచె మటునిటుగా విజయవాడ చేరుచున్నది. దూరము హెచ్చు, కాలము తక్కువ! నగరము నడుమ నెక్కి నగరము నడుమ దిగుటయే యిందలి రహస్యము.

అట్లయిన విమానములే వలదందురా యని కొంద రడుగవచ్చును. మే మట్లనుట లేదు. విశాఖపట్టణమునకు ఆకాశదూరము ఐదువందల కిలోమీటర్లకు మించును. రైలునకు ఎనిమిది గంటలకు పైగా పట్టును. అచట విమానము గెలుచును. నేలమీది గంటలు దూరముతో పెరుగవు. కావుననే దగ్గరి ప్రయాణమున నవి లాభము నెల్ల మ్రింగివేయును.

ఆ గంటలను పెంచుచున్నది మన పాలకుల యోజనయే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు నగరము మధ్యనున్న బేగంపేటనుండి శంషాబాదునకు తరలినవి. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రోరైలు అచటివఱకు పోలేదు. విశాఖవారికై 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురము నగరమునకు నలువది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. విమానాశ్రయమును దూరముగ నుంచుట కొన్నియెడల తప్పనిసరి కావచ్చును. దారి చూపక దూరముంచుట మాత్రము ప్రజాద్రోహము. సొంతకారు గలవానికది యొక గంట నష్టము; లేనివానికి విమానపు చార్జీమీద మఱియొక చార్జీ.

కావున రన్‌వే పొడవును చాటుటకు ముందు, సామాన్యుడు అచటికెట్లు చేరునో పాలకులు చెప్పవలెను. మెట్రో గాని, రైలు గాని, రేయింబవళ్లు నడచు బస్సు గాని లేని విమానాశ్రయము సగము కట్టిన వంతెన వంటిది. చదువరులారా, ఇకమీద నెవరైన గంట ప్రయాణ మన్నచో, గడపనుండి గడపకు లెక్క చెప్పుమని నిలదీయుడు!